ఒడ్డు మీద నా జాగా: ఒక పొడుగుతోక పడవ ఆత్మకథ

నేను పొడుగుతోక పడవని. థాయ్‌లాండ్ దక్షిణాన, అండమాన్ సముద్రం వైపు, క్రాబీ ప్రావిన్సులో ఉన్న కో లాంటా దీవి నా ఊరు. వెనక కొసన, అమరం మీద ఇంజను, దాన్నుంచి వెనక్కి నీళ్ళలోకి సాగే పొడుగాటి ఇనుప కడ్డీ, కడ్డీ కొసన చిన్న పంకా. ఆ తోక వల్లే నాకీ పేరు. ప్రశాంతమైన సముద్రపు ఒడ్డు పల్లె చూడాలని మా దీవులకు వచ్చేవాళ్ళు తీసుకునే ఫొటోల్లో నేను ఉండి తీరతాను. పచ్చటి నీళ్ళు, తెల్లటి ఇసుక, ముందు కొసకి, అంటే అణియానికి, రంగు గుడ్డలు చుట్టుకుని కదలకుండా నిలబడ్డ నేను. అది చూసినవాళ్ళు ఒడ్డున కొబ్బరిచెట్లు మొలిచినట్టే ప్రశాంతత కూడా దానంతటది మొలిచిందనుకుంటారు. నేను ఒప్పుకోను. ఈ పల్లెల్లో నెమ్మది అనేది మనుషులూ పడవలూ కలిసి రోజూ చేసే పనిలోంచి పుడుతుంది. వేటకు వెళ్ళే పడవకి ఒడ్డు మీద జాగా ఉన్నన్నాళ్ళే అది ఉంటుంది. ఆ జాగా పోయిన చోట ఇసుక మిగులుతుంది, నీళ్ళు మిగులుతాయి, అలంకరించిన పడవ కూడా ఒకటి మిగులుతుంది. పల్లె మాత్రం మిగలదు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలంటే నా బతుకే సాక్ష్యం.

నా పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. తకియన్ లాంటి గట్టి కలపని పలకలుగా కోసి, వంచి, బిగించి నన్ను కడతారు. తకియన్ చెట్టులో ఆడదేవత ఉంటుందని థాయ్ జనం నమ్మకం. చెట్టు పడవయ్యాక అణియంలో మే యా నాంగ్ అనే అమ్మవారు కొలువుంటుందంటారు. ఆ గుడ్డలూ పూలదండలూ ఆమెకే. అందుకే అణియం మీద ఎవరూ కాలు పెట్టరు. గంగమ్మకు మొక్కి పడవ దింపే తెలుగు తీరం వాళ్ళకి ఇది వింత కాదు. అడవి సంగతి మాత్రం చెప్పి తీరాలి. 1988 నవంబరు వరదల్లో, చెట్లు నరికేసిన కొండల మీదినుంచి దుంగలూ బురదా దక్షిణ థాయ్‌లాండ్ ఊళ్ళ మీద పడి వందల మంది చనిపోయారు. 1989 జనవరిలో ప్రభుత్వం అడవుల్లో కలప వ్యాపారాన్ని నిషేధించింది. నిషేధం న్యాయమైనదే. అయితే అప్పటినుంచి నాలాంటి కొత్త చెక్క పడవ కట్టించడం కష్టమైంది, ఖరీదైంది. కాబట్టి ఉన్న పడవని బాగుచేసుకుంటూ బతికించుకోవడమే దారి. పలకల సందుల్లో నార కూరాలి. గుగ్గిలం నూనెతో కలిపి ఆ సందుల మీద మెత్తాలి. అడుగున అతుక్కున్న గుల్లలు గీకి, కొత్త రంగు పూయాలి. ఏటా కొన్నిసార్లు నన్ను ఒడ్డుకు లాగి, పక్కకు వాల్చి చేయాల్సిన పని ఇది. దానికి వాలుగా ఉన్న ఇసుక, కొంచెం నీడ, పది చేతులు కావాలి. ఒడ్డు వెంట గోడ లేచిన చోట ఈ మూడింట్లో ఒక్కటీ ఉండదు. అందుకే పల్లె ఎలా ఉందో తెలుసుకోవాలంటే ముందు నా అడుగు పలకలు చూడమంటాను.

మా దీవి రెండు ముక్కలు: లాంటా నోయి, లాంటా యాయ్. చూడవచ్చేవాళ్ళు దిగేది లాంటా యాయ్‌లో. దాని పొడవు సుమారు 30 కిలోమీటర్లు. పడమటి ఒడ్డంతా ఇసుక. ఉత్తరాన సాలాదాన్ రేవు దగ్గర హడావిడి మొదలై, ఖ్లాంగ్ దావ్, ఫ్రా ఏ బీచీలు దాటి దక్షిణానికి పోయే కొద్దీ పలచబడుతుంది. తూర్పు ఒడ్డు పూర్తిగా వేరు. అక్కడ బురద, మడ అడవి. పాటు వేళ నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి, పీతలు తిరిగే బురద నేల బయటపడుతుంది. పెద్ద బోటుకి ఆ నీళ్ళు చాలవు. నాకు చాలతాయి. ఇంజను ఒక ఇరుసు మీద ఊగుతుంది కాబట్టి, సరంగు పిడిని కిందికి అదిమితే తోక పైకి లేస్తుంది. పంకా నీటి పైపొరను మాత్రం చీల్చుకుంటూ మోకాలి లోతులో నన్ను తోసుకుపోతుంది. ఆ ఒడ్డునే సి రాయా అనే పాత రేవు ఉంది. ఫుకెట్, పెనాంగ్, సింగపూర్ల మధ్య తిరిగే ఓడలు ఒకప్పుడు ఆగిన చోటు. నీళ్ళ మీద స్తంభాలు నాటి కట్టిన పొడుగాటి చెక్క ఇళ్ళు ఇప్పటికీ వరసగా నిలబడి ఉన్నాయి. ఇంకా దక్షిణాన సాంగ్ గా ఊ పల్లెలో ఉరక్ లావోయ్ అనే సముద్ర జనం ఉంటారు. ఈ దీవికి ముందుగా వచ్చినవాళ్ళు వాళ్ళే. చాంద్రమానం ప్రకారం ఆరో నెల, పదకొండో నెల పున్నములకు చిన్న పడవ చెక్కి, ఊరి కష్టాలన్నీ దానికి అప్పగించి సముద్రంలో వదులుతారు. దీవి తూర్పున తుంగ్ యీ పెంగ్ అనే పల్లె మడ అడవిని తానే కాచుకుంటూ, వచ్చినవాళ్ళని పడవ మీద ఆ అడవి కాలవల్లో తిప్పి, ఆ డబ్బుతో అడవినీ ఊరినీ చూసుకుంటోంది. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి ఋతుపవనం పడమటి ఒడ్డుని బాదుతున్నప్పుడు ఈ తూర్పు వైపే మాకు అండ. ఈ పల్లెలు నెమ్మదిగా ఉండటంలో రహస్యమేమీ లేదు. లోతు తక్కువైన నీళ్ళు పెద్ద బోట్లని ఆపాయి, బురద ఈతకొచ్చేవాళ్ళని ఆపింది, దాంతో ఒడ్డు పీతల వలలకీ మాకూ దక్కింది.

ఇది లాంటాకి మాత్రమే చెల్లే మాటా అని అడగవచ్చు. అటు థాయ్ సింధుశాఖలో కో సమూయ్ ఉంది. 1989లో అక్కడ విమానాశ్రయం తెరిచారు. ఉత్తర తీరంలోని బో ఫుత్‌ని నేటికీ మత్స్యకారుల పల్లె అనే పిలుస్తారు. పాత చెక్క ఇళ్ళు అలాగే ఉన్నాయి, వాటిలో ఇప్పుడు రెస్టారెంట్లు, బట్టల దుకాణాలు. శుక్రవారం సాయంత్రం వీధంతా బజారు. అందంగా ఉంటుంది, కాదనను, కానీ ఆ పేరులో ఉన్న వృత్తితో ఆ వీధికి ఇప్పుడు పని లేదు. అదే దీవి ఆగ్నేయ మూలన హువా థానోన్ అనే ముస్లిం మత్స్యకారుల ఊరుంది. అక్కడ చేపల వాసన వస్తుంది, ఎండుచేపలు ఆరుతుంటాయి, రంగులు వేసిన పడవలు ఒడ్డున బారులు తీరి ఉంటాయి, ఈతకి ఎవరూ వెళ్ళరు. ఒకే దీవి, ఒకే విమానాశ్రయం, ఒకే వాన. తేడా ఒడ్డు ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే వచ్చింది. మాయా బే కథ ఇంకా కఠినం. ఫీ ఫీ లే దీవిలోని ఆ చిన్న అఖాతానికి ‘ది బీచ్’ అనే హాలీవుడ్ సినిమా తర్వాత జనం పోటెత్తారు. స్పీడు బోట్లూ నా జాతి పడవలూ కలిసి దాన్ని నింపేశాయి. లంగర్ల కింద పగడాలు విరిగాయి. 2018 జూన్‌లో మూసేసి, 2022 జనవరిలో మళ్ళీ తెరిచినప్పుడు పడవలకు అఖాతంలోకి ప్రవేశమే లేకుండా చేశారు. మూసిన కాలంలో నల్లరెక్కల సొరచేపలు తిరిగి వచ్చాయి. పడవ ఉంటే చాలు ప్రశాంతత ఉంటుందని నేను అనడం లేదని ఈ ఉదాహరణే చెబుతుంది. ఫీ ఫీ లేలో ఊరు లేదు. రేపు ఆ నీళ్ళలోనే వల వేసుకోవాల్సిన మనిషి ఒక్కడూ లేడు. మనుషుల్ని దింపి, ఎక్కించుకుని వెళ్ళిపోవడమే అక్కడ మా పని. ఆ నీళ్ళ మీద ఆధారపడి బతికేవాడు లేనప్పుడు పడవ కూడా గునపమే అవుతుంది.

జాగా అన్న మాట నేను ఊరికే వాడటం లేదు. సముద్ర జనానికి కాగితాల అలవాటు లేదు. తరతరాలుగా ఉంటున్న ఒడ్డుకి పట్టా ఎందుకు ఉండాలో వాళ్ళకు తెలియదు. బీచి భూమికి ధర వచ్చాక కాగితాలున్నవాళ్ళు వచ్చారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఈ తీరంలో ఎన్నో పల్లెలు కొట్టుకుపోయాయి. తేరుకుని తిరిగి వచ్చేసరికి కొన్నిచోట్ల ఆ నేల మాదేనంటూ వేరేవాళ్ళు నిలబడ్డారు. 2010 జూన్ 2న థాయ్ మంత్రివర్గం సముద్ర జనాల జీవన విధానాన్ని కాపాడాలని తీర్మానించింది. అయినా 2016 జనవరిలో ఫుకెట్‌లోని రావాయ్ ఒడ్డున, తాతల నాటి దారి మూసేస్తున్నారని అడ్డుపడ్డ ఉరక్ లావోయ్‌ల మీద దాడి జరిగింది. వాళ్ళు అడిగింది పడవల దగ్గరికీ, పూజ చేసుకునే చోటికీ నడిచి వెళ్ళే దారి. అంత చిన్న దారి పోతే మొత్తం పల్లె ఎలా పోతుందో ఒక పడవకి బాగా తెలుసు. నీళ్ళ దాకా లాగలేని పడవని ఎవరూ ఉంచుకోరు.

నా వాదన మీద మొదటి అభ్యంతరం నా గొంతు గురించే. ప్రశాంతత గురించి మాట్లాడుతున్నావు, ఆ ఒడ్డున అందరికన్నా పెద్ద మోత నీదే కదా అంటారు. నిజమే. నా మీద ఉండేది పొలాల్లో చేతితో నడిపే ట్రాక్టరుకి బిగించే లాంటి ఒంటి సిలిండరు డీజిల్ ఇంజను. దాని దడదడ కిలోమీటరు అవతలికి వినబడుతుంది, పొగ కూడా తక్కువేమీ కాదు. మంచి సైలెన్సరు బిగిస్తే సంతోషిస్తాను. కానీ నెమ్మది అంటే చప్పుడు లేకపోవడమని నేను అనుకోను. నేను తెల్లవారకముందు కదులుతాను, పోటుని బట్టి తిరిగి వస్తాను, ఆ తర్వాత ఒడ్డున వలలోంచి పీతల్ని విడదీసే చేతుల చప్పుడు తప్ప మరొకటి ఉండదు. ఊరికి ఆ మోత ఎప్పుడు మొదలవుతుందో, ఎందుకు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలుసు. పసిపిల్లలు కూడా ఆ మోతలో నిద్రపోతారు. అర్ధరాత్రి దాటినా ఆగని స్పీకర్ల మోతకి ఊరితో సంబంధం లేదు, ఆపమని చెప్పే హక్కు కూడా ఊరికి ఉండదు. ఈ రెండు చప్పుళ్ళనీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది. చేపలు పట్టి ఎవరు బాగుపడ్డారు? నలుగురు పర్యాటకులకి దీవులు చూపించి తెస్తే వారం వేటలో రాని డబ్బు వస్తుంది. పేదరికాన్ని బొమ్మగా ఉంచాలనుకోవడం చూడవచ్చేవాళ్ళ స్వార్థం, నువ్వూ దానికే వంత పాడుతున్నావు అంటారు. సరంగు కొడుకు మళ్ళీ సరంగే కావాలని నేను ఏనాడూ కోరలేదు. పర్యాటకుల్ని ఎక్కించుకోవడం నాకు చిన్నతనమూ కాదు. ము కో లాంటా జాతీయ ఉద్యానంలోని రోక్, హా దీవుల దాకా నా జాతి వాళ్ళు ఎందర్నో మోశారు. నేను చెప్పేది ఒక్కటే: వేట మీద పర్యాటకం నిలబడాలి, వేటని తోసేసి కాదు. దీనికి రుజువు 2020. అంతకు ముందు ఏడాది థాయ్‌లాండ్‌కి దాదాపు 4 కోట్ల మంది విదేశీయులు వచ్చారు. 2020 ఏప్రిల్‌లో విమానాలు ఆగాయి, 2021 మొత్తం మీద వచ్చినవాళ్ళు 5 లక్షలు కూడా లేరు. వల అమ్మేసి మోటారు మార్చుకున్నవాళ్ళ ఇంట్లో అప్పు మిగిలింది. వల ఉంచుకున్నవాళ్ళ పొయ్యి వెలిగింది. రావాయ్ సముద్ర జనం తాము ఎండబెట్టిన చేపల్ని ఉత్తరాది కొండల్లోని కరెన్ రైతుల బియ్యంతో మార్చుకున్నారు. దారి కోసం దెబ్బలు తిన్నది ఆ ఊరివాళ్ళే. వేట వాళ్ళ చేతుల్లో ఉండబట్టే మార్చుకోవడానికి ఏదో ఒకటి ఉంది. ఇంకో రుజువు మా క్రాబీలోనే ఉంది. 800 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడు, బొగ్గు ఓడలు మా వేట నీళ్ళ మీదుగా, సముద్రపు గడ్డి మైదానాల పక్కనుంచి పోవాల్సి వచ్చేది. మత్స్యకారులూ గదులు అద్దెకిచ్చేవాళ్ళూ ఒక్కటై నిలబడ్డారు, బ్యాంకాక్‌లో నిరాహార దీక్షలు చేశారు. 2018లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బీల అనే చిత్తడి నేల కోసం థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఎదురు నిలబడ్డ సోంపేట వాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. సెలవులకు వచ్చినవాడు ఆ బీచి కోసం దీక్ష చేయడు, మరో బీచికి టికెట్టు కొనుక్కుంటాడు. ఆ నీళ్ళలో రేపు వల వేయాల్సినవాడే కూర్చుంటాడు.

వంతెన గురించి కూడా అడుగుతారు. 2016లో లాంటా నోయి, లాంటా యాయ్‌ల మధ్య వంతెన తెరిచారు. ప్రధాన భూభాగాన్ని కలిపే మరో వంతెనకు కూడా ప్రభుత్వం ఆమోదం తెలిపింది. నా పని తగ్గుతుందని నేను దాన్ని తిట్టను. పురిటి నొప్పుల మనిషి ఫెర్రీ కోసం ఎదురుచూడటం ప్రశాంతత కాదు. కానీ వంతెన దీవికి ఆసుపత్రిని ఎంత దగ్గర చేస్తుందో, భూమి కొనేవాణ్ణి కూడా అంతే దగ్గర చేస్తుంది. ఒడ్డు జాగా ఎవరిదో ముందే రాసిపెట్టుకోని పల్లెకి వంతెన ప్రమాదమే.

ఇక మా చివరి రోజుల సంగతి. ఇది చెప్పకుండా నా వాదన పూర్తి కాదు. పడవ మూలపడటం ఇంజనుతో మొదలవుతుంది. ముందు దాన్ని విప్పి ఇంకో పడవకి బిగిస్తారు. తర్వాత తోక పోతుంది. మిగిలిన చెక్క దేహాన్ని ఒడ్డుకి లాగి, రేపు చూద్దామని వదిలేస్తారు. చెక్క పడవకి నీళ్ళు శత్రువని చాలామంది అనుకుంటారు, కానీ నా పలకల్ని ఉబ్బించి బిగువుగా ఉంచేది ఆ నీళ్ళే. ఎండలో ఉంటే పలకలు కుంచించుకుపోతాయి. గుగ్గిలం పొలుసులుగా ఊడుతుంది, నార వేలాడుతుంది, సందుల్లోంచి పగటి వెలుగు లోపలికి వస్తుంది. రెండు చేతులు, ఒక డబ్బా గుగ్గిలం పెడితే ఇంకో పదేళ్ళు వేటకు పోయేదాన్ని ఒక్క ఎండాకాలం అశ్రద్ధతో పోగొడతారు. మడ కాలవలో వదిలేస్తే మరో రకం చావు. చెక్కను తొలిచే పురుగు పలక పైకి నునుపుగా ఉండగానే లోపలంతా బెజ్జాలు చేస్తుంది. ఈ రెండు చావులూ నేను భరించగలను. కలప మట్టిలో కలవడం కలపకి కొత్త కాదు. నాకు కష్టంగా ఉండేది మూడోది. కొన్ని పడవల్ని రెస్టారెంటు ముందు నిలబెట్టి, లోపల మంచు గడ్డలు నింపి, వాటి మీద రొయ్యలూ చేపలూ పేరుస్తారు. ఆ చేపలు చాలావరకు ఎక్కడినుంచో లారీలో వచ్చినవి. కొన్నిట్లో మట్టి పోసి పూలమొక్కలు నాటుతారు. కొన్నిట్ని కోసి బారులో బల్లగా వేస్తారు. ప్రతి ఏడూ కొత్త రంగు పూస్తారు, అణియానికి కొత్త గుడ్డలు కడతారు. వేటకు వెళ్ళినన్నాళ్ళూ పూయని రంగు అది. మే యా నాంగ్‌కి మొక్కేవాళ్ళు లేరు, గుడ్డలు మాత్రం ఉన్నాయి. ఫొటో తీసుకోవడానికి వచ్చినవాళ్ళు కాలు పెట్టేది సరిగ్గా అణియం మీదే. నన్ను ఇలా అలంకరించిన ఏ ఒడ్డునైనా చూడండి, పక్కన పనిచేసే పడవలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అలంకారం పెరిగిన కొద్దీ ఆ లెక్క తగ్గుతుంది.

ఇదంతా తెలుగువాళ్ళకి ఎందుకు చెబుతున్నానంటే, మీరు మా దగ్గరికి వస్తున్నారు కనుక. 2023 నవంబరులో భారతీయులకు థాయ్‌లాండ్ వీసా లేకుండా తలుపు తెరిచింది. 2024 ఏప్రిల్ నుంచి విశాఖపట్నం నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం నడిచింది, 2025లో హైదరాబాదు నుంచి ఫుకెట్‌కి కూడా మొదలైంది. రాకండని నేను అనను. మీరు రాకపోతే తుంగ్ యీ పెంగ్ వాళ్ళకి అడవిని కాచే డబ్బు రాదు. వచ్చే పద్ధతి మీదే అంతా ఉంది. పడమటి ఒడ్డున ఎన్ని రోజులున్నా, ఒకటి రెండు రాత్రులు సి రాయా వైపు ఉండండి. అవి ఎక్కువగా ముస్లిం పల్లెలు. ఈత దుస్తులతో వీధుల్లో తిరగకండి, మసీదు పక్కన మందు సీసా తెరవకండి. సరంగుని ‘బాంగ్’ అని పిలవండి, ముస్లిం పెద్దన్నని అక్కడ అలాగే పిలుస్తారు. 2021 ఆగస్టు నుంచి జాతీయ ఉద్యానాల్లో పగడాలకు హాని చేసే నాలుగు రకాల రసాయనాలున్న సన్‌స్క్రీన్లు నిషేధం, డబ్బా మీద చదివి తెచ్చుకోండి. తెచ్చిన ప్లాస్టిక్‌ని తిరిగి తీసుకుపోండి. పీతలు తినాలంటే ఏ ఊరి వలలో పడ్డవో అడిగి తినండి. పడవ మాట్లాడుకునేటప్పుడు, ఈ వారం వేటకు వెళ్ళావా బాంగ్ అని ఒక్క మాట అడగండి. వెళ్ళానన్నవాడి పడవే ఎక్కండి, అణియం మీద కాలు పెట్టకుండా పక్కనుంచి ఎక్కండి, అతను అడిగిన కిరాయి బేరమాడకుండా ఇవ్వండి.